ఆగిపోయిన బండి తిరిగి వస్తుందా?

మీరు ఎప్పుడైనా హైదరాబాదు నుంచి శంషాబాదు విమానాశ్రయానికి వెళ్ళారా? మెహదీపట్నం దగ్గర రోడ్డు స్తంభాల మీదికి ఎక్కుతుంది. అక్కడి నుంచి ఆరాంఘర్ వరకూ, పదకొండు కిలోమీటర్లకు పైగా, కింద ఊరు, పైన మనం! పి. వి. నరసింహారావుగారి పేరు పెట్టిన ఈ వంతెనను 2009లో తెరిచారు. ఈసారి ఆ దారిన వెళ్ళినప్పుడు కిటికీ పక్కన కూర్చుని, వచ్చే పోయే కార్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. విమానాశ్రయం చేరేసరికి కాగితం నిండిపోతుంది. కాని అందులో అంబాసిడరు పేరు ఉండకపోవచ్చు. ఒకవేళ ఉంటే మీరు అదృష్టవంతులే!

ఆ మాట ఇంట్లో చెప్పి చూడండి. "బండి అంటే అదీ! మళ్ళీ తయారుచేస్తే ఎంత బాగుండును!" అంటారు తాతగారు. అలా అనే వారు దేశంలో ఎందరో ఉన్నారు. వారందరూ కలిసి అడిగితే, కార్లు చేసే కంపెనీ ఆపేసిన బండిని మళ్ళీ చేస్తుందా?

ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందు, ఆపేసిన బండిని మళ్ళీ చేయటం ఎందుకు కష్టమో తెలుసుకోవాలి.

పంచదార చిలకలు ఎలా చేస్తారో మీకు తెలుసు. చెక్క అచ్చులో పాకం పోస్తే చిలక వస్తుంది. కారు పై తొడుగు కూడా అచ్చులతోనే తయారవుతుంది. బరువైన ఉక్కు అచ్చుల మధ్య ఇనుపరేకు పెట్టి, పెద్ద యంత్రంతో నొక్కుతారు. తలుపుకు వేరే అచ్చు, పైకప్పుకు వేరే అచ్చు. బండి చేయటం ఆపేశాక ఈ అచ్చులకు పని ఉండదు. ఊరికే పెడితే చోటు తింటాయి. కనక చాలా వాటిని పాత ఇనుము కింద అమ్మేస్తారు. ఆ బండికి దీపాలూ, గొట్టాలూ, బోల్టులూ చేసి ఇచ్చే చిన్న కార్ఖానాలు కూడా వేరే పనులలో పడిపోతాయి. చిలక మీద ఎంత ముచ్చట ఉన్నా, అచ్చు లేనిదే చిలక రాదు గదా!

రెండో కష్టం చట్టం. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లలో డ్రైవరు ముందు గాలిసంచి తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి, కొత్త బండ్లు వదిలే పొగ మీద "భారత్ స్టేజ్ 6" అనే గట్టి కట్టుబాటు వచ్చింది. అంబాసిడరు తయారీ 2014 మే నెలలోనే ఆగిపోయింది. ఎవరైనా ఆ బండిని ఉన్నది ఉన్నట్టుగా ఈనాడు చేసినా, కొత్త కారుగా అమ్మనివ్వరు. 2017లో ఆ పేరును 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీకి అమ్మారు. పేరు చేతులు మారిందే గాని బండి తిరిగి రాలేదు.

అయితే అడగటం వల్ల లాభమే లేదా? అలా అనటానికీ వీల్లేదు. అమెరికాలో ఫోర్డ్ కంపెనీకి మస్టాంగ్ అనే పేరుగల కారు ఉంది. 1980ల్లో కంపెనీవారు దాన్ని ఆపి, జపానుకు చెందిన మాజ్డా కంపెనీ యంత్రభాగాలతో చేసే వేరే కారుకు ఆ పేరు పెట్టాలని అనుకున్నారు. 1987లో ఈ సంగతి బయటపడింది. మస్టాంగ్ అభిమానులు ఊరుకోలేదు. కంపెనీకి ఉత్తరాలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. చివరకు కంపెనీ ఆలోచన మార్చుకుని, కొత్త కారును 1988లో "ప్రోబ్" అనే వేరే పేరుతో అమ్మింది. మస్టాంగ్ నిలిచింది. ఆ ఉత్తరాలకు అంత బలం ఎలా వచ్చింది? వాటిని రాసినవారిలో ఆ కారు కొన్నవారూ, కొనబోయేవారూ చాలామంది ఉన్నారు. పైగా, అప్పటికి అచ్చులు ఇంకా పనిలోనే ఉన్నాయి. ఆగబోయే బండిని ఆపకుండా చేయటం ఒక ఎత్తు. ఆగిపోయిన బండిని లేపటం మరొక ఎత్తు.

ఆగిపోయి తిరిగి లేచిన బండికి మన హైదరాబాదులోనే ఒక కథ ఉంది. అది కారు కథ కాదు, రెండు అంతస్తుల బస్సు కథ.

పూర్వం హైదరాబాదు వీధులలో డబుల్ డెక్కరు బస్సులు తిరిగేవి. కింద ఒక కండక్టరు, పైన ఒక కండక్టరు. మేడమెట్లు ఎక్కి, పై అంతస్తులో అద్దం ముందు సీటు పట్టుకోవటానికి పిల్లలు పోటీ పడేవారు. బస్సు టాంకుబండు మీదుగా పోతూ ఉంటే హుస్సేన్ సాగర్ మీది గాలి మొహాన కొట్టేది. బడికి వెళ్ళే పిల్లలూ, కచేరీలకు వెళ్ళే గుమాస్తాలూ, మార్కెట్టుకు వెళ్ళే ఆడవాళ్ళూ అందరూ ఆ బస్సులే ఎక్కేవారు. ఊళ్ళో పైవంతెనలు పెరిగాయి. బస్సులు పాతబడి మరమ్మతుల ఖర్చు పెరిగింది. 2003 నాటికి అవి రోడ్ల మీద కనిపించకుండా పోయాయి.

పదిహేడేళ్ళు గడిచాయి. 2020 నవంబరులో ఒక పౌరుడు పాత డబుల్ డెక్కరు ఫొటోను ట్విట్టర్‌లో పెట్టి, వీటిని మళ్ళీ తీసుకురాకూడదా అని అప్పటి మంత్రి కె. టి. రామారావుగారిని అడిగాడు. ఆయన చిన్నప్పుడు ఆబిడ్స్‌లోని బడికి అలాంటి బస్సులోనే వెళ్ళారట. ఆ జ్ఞాపకం చెప్పి, ఆ బస్సులు తిరిగి తెచ్చే వీలుందా అని ఆయన రవాణా మంత్రి పువ్వాడ అజయ్‌కుమార్‌గారిని అడిగారు.

చూశారా! అడిగినవాడు ఒకడు, విన్నవాడికి అదే ముచ్చట ఉంది. ఇక బస్సు వచ్చేసినట్టే అనుకుంటున్నారా? రాలేదు. రెండేళ్ళకు పైగా పట్టింది. ముచ్చట వేరు, డబ్బు వేరు. ఆర్టీసీ ఆలోచన చేసింది గాని, ఖరీదు పెద్ద అడ్డంకి అయింది. చివరకు నగరాభివృద్ధి సంస్థ అయిన హెచ్.ఎం.డి.ఏ. ముందుకు వచ్చి ఆరు బస్సులు కొనటానికి సిద్ధపడింది. 2023 ఫిబ్రవరి 7న మొదటి మూడు బస్సులు రోడ్డెక్కాయి. ఒక్కొక్కదాని ఖరీదు 2 కోట్ల 16 లక్షల రూపాయలు. ఒక్కొక్కదానిలో 65 మంది కూర్చోవచ్చు.

వాటిని చేసినది అశోక్ లేలండ్ కుటుంబానికి చెందిన స్విచ్ మొబిలిటీ అనే కంపెనీ. పూర్వం మన దేశంలో డబుల్ డెక్కర్లు చేసిన కంపెనీలలో అశోక్ లేలండ్ కూడా ఒకటి. మరి ఆ కంపెనీ మూడు బస్సుల కోసం, ఆరు బస్సుల కోసం కొత్త నమూనా తయారు చేస్తుందా? చేయదు. అసలు సంగతి ఏమంటే, బొంబాయి నగరపు బస్సుల సంస్థ "బెస్ట్" అంతకుముందే 200 డబుల్ డెక్కర్లు కావాలని స్విచ్ కంపెనీని కోరింది. దానితో 2022 ఆగస్టులో కొత్త నమూనా బయటికి వచ్చింది. అందువల్లనే హైదరాబాదు తనకు కావలసిన ఆరు బస్సులను అడగగలిగింది. పెళ్ళివారి కోసం గాడిపొయ్యి తవ్వి వంట మొదలుపెట్టినప్పుడు, పక్కింటివారికి ఒక గిన్నెడు పులిహోర ఇవ్వటం కష్టం కాదు. ఆ ఒక్క గిన్నె కోసం ఎవరూ గాడిపొయ్యి తవ్వరు!

ఇక్కడ మరొక చిత్రం ఉంది. తిరిగి వచ్చినది పాత బస్సు కాదు. పాతది డీజిలు తాగేది, నల్లని పొగ వదిలేది. కొత్తది విద్యుచ్ఛక్తితో నడుస్తుంది. ఒకసారి చార్జి చేస్తే 150 కిలోమీటర్లు పోతుంది. విద్యుత్ బస్సులు మన ఊళ్ళో పని చేస్తాయన్న నమ్మకం అంతకుముందే శంషాబాదు దారిలో కలిగింది. 2019 మార్చిలో ఆర్టీసీ ఊరి నుంచి విమానాశ్రయానికి 40 విద్యుత్ బస్సులు నడపటం మొదలుపెట్టింది. విమానాశ్రయం బస్సులకు ఆర్టీసీ పెట్టిన పేరు "పుష్పక్". ఎందరు ఎక్కినా ఇంకొకరికి చోటుండే పుష్పక విమానం కథ మీరు వినే ఉంటారు.

రెండు అంతస్తుల బస్సు మలుపులో పడిపోదా అని మీకు అనుమానం రావచ్చు. ఒక ఖాళీ అగ్గిపెట్టె తీసుకోండి. లోపల అడుగున రెండు రూపాయి బిళ్ళలు పెట్టి, కాగితం ముక్క కుక్కి కదలకుండా చేసి, పెట్టెను నిలువుగా నిలబెట్టండి. వేలితో మెల్లగా వంచండి. తరవాత పెట్టెను తలకిందులుగా నిలబెట్టి, బిళ్ళలు పైన ఉండేటట్టు చూసి, మళ్ళీ వంచండి. రెండోసారి పెట్టె తొందరగా పడిపోతుంది. బరువు ఎంత కిందికి ఉంటే బండి అంత నిలకడగా ఉంటుంది. అందుకనే బస్సులో బరువైన భాగాలను వీలైనంత కింద అమరుస్తారు. ఇంగ్లండులో పై అంతస్తు నిండా మనుషుల బరువు పెట్టి, బస్సును 28 డిగ్రీలు పక్కకు వంచి పరీక్షిస్తారు. పడకపోతేనే రోడ్డు మీదికి రానిస్తారు.

ఇంగ్లండు మాట వచ్చింది కనక లండను కథ కూడా వినండి. ఆ ఊరి ఎర్రని "రూట్‌మాస్టర్" బస్సు లోకప్రసిద్ధం. 1954 నుంచి 1968 దాకా వాటిని చేశారు. వెనక తలుపు ఉండదు. బస్సు ఆగగానే గబుక్కున ఎక్కవచ్చు. 2005 డిసెంబరులో వాటిని మామూలు దారుల నుంచి తీసేస్తే ఊరి జనం బాధపడ్డారు. 2008లో మేయరు పదవికి పోటీ చేసిన బోరిస్ జాన్సన్, ఆ తరహా బస్సును తిరిగి తెస్తానని మాట ఇచ్చి గెలిచాడు. 2012లో కొత్త రూట్‌మాస్టర్ వచ్చింది. వెయ్యి బస్సులు చేశారు. కాని తెరిచిన వెనక ద్వారానికి కాపలాగా కండక్టరు ఉండాలి, అతనికి జీతం ఇవ్వాలి. 2016లో కండక్టర్లను తీసేశారు, వెనక ద్వారం మూసేశారు. జనం ఏ ముచ్చట కోసం బస్సును అడిగారో, ఆ ముచ్చటే ముందు పోయింది!

మన దేశంలోని కార్లూ, స్కూటర్ల సంగతి కూడా ఇంతే. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటరు ఎన్నో ఇళ్ళలో బంధువులా ఉండి, తరవాత ఆగిపోయింది. 2020లో అదే పేరుతో విద్యుత్ స్కూటరుగా వచ్చింది. టాటా సియారా కారును 1991 నుంచి 2003 దాకా చేశారు. 2020లో కంపెనీవారు ఆ పేరుతో ఒక నమూనాను ప్రదర్శించి, జనం ఏమంటారో చూశారు. 2025 నవంబరులో కొత్త సియారా అమ్మకానికి వచ్చింది. పాత కారు పక్క అద్దాల తీరు దీనిలో కనిపిస్తుంది. తలుపులూ, యంత్రమూ అన్నీ కొత్తవే.

కనక మన ప్రశ్నకు జవాబు ఇది: ముచ్చటపడేవారు అడిగితే కంపెనీ వింటుంది. కాని కొనేవారు కనిపించినప్పుడే చేస్తుంది. చేసినా, పాత పేరుతో, పాత పోలికతో కొత్త బండిని చేస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. డబుల్ డెక్కరులో 65 సీట్లు. మనిషికి 20 రూపాయల టిక్కెట్టు అనుకోండి. రోజుకు పదిసార్లు బస్సు నిండితే 13,000 రూపాయలు వస్తాయి. 2 కోట్ల 16 లక్షలు రావటానికి ఎన్ని రోజులు కావాలి? దాదాపు 1,660 రోజులు, అంటే నాలుగున్నర సంవత్సరాలు! డ్రైవరు జీతం, కరెంటు ఖర్చు ఈ లెక్కలో లేవు. బస్సు సగమే నిండితే తొమ్మిదేళ్ళు పడుతుంది.

ఈ కారణం చేతనే కొన్ని ఊళ్ళలో తిరిగి వచ్చిన బస్సులు ఊరు చూడవచ్చినవారి కోసం తిరుగుతాయి. హైదరాబాదులో కూడా వాటిని అలాగే వాడారు. విశాఖపట్నంలో 2025 ఆగస్టులో సముద్రతీరం వెంట డబుల్ డెక్కర్లు మొదలుపెట్టినప్పుడు, 24 గంటలు తిరిగే టిక్కెట్టు 500 రూపాయలని పెట్టి, సగం ప్రభుత్వం భరించి, 250కి ఇస్తామన్నారు. సెలవునాడు సరదాగా తిరగటానికి అది బాగానే ఉంటుంది. కాని రోజూ బడికి వెళ్ళే పిల్లవాడు 250 రూపాయలు పెట్టగలడా? పూర్వం ఆ బస్సు మీద అందరికీ అంత ప్రేమ ఎందుకు కలిగింది? అది రోజూ అందరినీ ఎక్కించుకుంది కనక. రేపటి పిల్లలకు కూడా అటువంటి జ్ఞాపకం కావాలంటే, బస్సు ఒక్కటే తిరిగి వస్తే చాలదు. అది వాళ్ళ దారిన రావాలి.

మీ ఊళ్ళో కూడా ఆగిపోయిన బస్సు ఏదైనా ఉండవచ్చు. అది మళ్ళీ కావాలనిపిస్తే, "ఎంత బాగుండును" అని ఊరుకోకండి. నలుగురు స్నేహితులు కలిసి, పెద్దవారిని తోడు తీసుకుని, వారం రోజులు ఉదయం పూట బస్సు స్టాండు దగ్గర ఎంతమంది నిలబడుతున్నారో, ఎక్కడికి వెళ్ళాలంటున్నారో లెక్క రాయండి. ఆ లెక్కను ఉత్తరంలో పెట్టి, అమ్మా నాన్నల సంతకాలు కూడా చేయించి, డిపో మేనేజరుగారికి పంపండి. అటువంటి ఉత్తరం చదివినవారికి మీ ముచ్చట ఎంతో, ప్రయాణీకులు ఎందరో రెండూ తెలుస్తాయి.