పాత ఫోన్‌లో రికార్డు చేసిన పాట ఎంపీ3గా మారడం లేదా? డిలీట్ చేసే ముందు ఇవి చూసుకోండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తప్పెటగుళ్లు ఆడినా, జముకుల కథ చెప్పినా ఎవరో ఒకరు ఫోన్‌లో రికార్డు చేస్తారు. ఆ ఫైల్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. తీరా వీడియోలో వాడదామని ఎంపీ3గా మార్చబోతే ‘అన్‌సపోర్టెడ్ ఫార్మాట్’ అని వస్తుంది. పాడైపోయిందనుకుని డిలీట్ కొట్టేస్తే అంతే సంగతులు. పాడిన పెద్దాయన ఇప్పుడు లేకపోతే ఆ గొంతు మళ్లీ దొరకదు. నిజానికి ఈ ఎర్రర్ వచ్చినంత మాత్రాన ఫైల్ పాడైనట్టు కాదు.

పేరు మారిస్తే ఫార్మాట్ మారదు: ఫైల్ పేరు చివర ‘ఏఎంఆర్’ తీసేసి ‘ఎంపీ3’ అని పెట్టడం సీసా మీద లేబుల్ మార్చడం లాంటిదే. లోపలి డేటా అలాగే ఉంటుంది. అందుకే కొన్ని యాప్‌లు దాన్ని తెరవలేవు. పాత పేరు తిరిగి పెట్టి, ఆ తర్వాతే కన్వర్ట్ చేయాలి.

ఏ ఫైల్ ఎక్కడిది?: పాత కీప్యాడ్ ఫోన్లలో చాలావాటి రికార్డింగ్‌లు ఏఎంఆర్‌లో ఉంటాయి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఓపస్. ఐఫోన్ వాయిస్ మెమోలు ఎం4ఏ. ఒక్కో రకాన్ని చదవడానికి ఒక్కో కోడెక్ కావాలి. అది లేని యాప్ చేతులెత్తేస్తుంది. కంప్యూటర్‌లో అయితే ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్ ట్రై చేయొచ్చు. మీడియా మెనూలో ‘కన్వర్ట్/సేవ్’ నొక్కి, ఫైల్ ఎంచుకుని, ప్రొఫైల్‌లో ఎంపీ3 పెడితే చాలు.

మధ్యలో ఆగిపోతోందా?: మొదట స్టోరేజ్ చూడండి. సీడీ క్వాలిటీ వావ్ ఫైల్ నిమిషానికి సుమారు 10 ఎంబీ తింటుంది. అంటే గంట కథకు 600 ఎంబీ. అదే 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి 1 ఎంబీకి దగ్గరగా ఉంటుంది. ఖాళీ ఉన్నా ఆగిపోతుంటే, ఒరిజినల్ చివరి దాకా ప్లే అవుతోందో లేదో చూడండి. కాకపోతే డౌన్‌లోడ్ సగంలోనే ఆగి ఉండొచ్చు. పంపినవాళ్లను మళ్లీ పంపమని అడగండి.

గొంతు సన్నగా, పాట స్పీడుగా వస్తోందా?: శాంపిల్ రేట్ తేడా పడి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఒరిజినల్‌కు ఉన్న రేటే పెట్టి మళ్లీ మార్చండి.

320 పెడితే క్వాలిటీ పెరుగుతుందా?: పెరగదు. సాధారణ ఏఎంఆర్‌ను ఫోన్ మాటల కోసం చేశారు. సెకనుకు 8,000 శాంపిళ్లే తీసుకుంటుంది. మాట అర్థమవుతుంది కానీ గజ్జెల చప్పుడులోని పై స్థాయి శబ్దం అందులోకి ఎక్కనే ఎక్కదు. ఎక్కనిదాన్ని ఏ కన్వర్టరూ తేలేదు. ఫైల్ సైజు మాత్రం పెరుగుతుంది.

మర్చిపోకండి: ఎంపీ3 వచ్చేసినా ఒరిజినల్ తీసేయొద్దు. మార్చిన ప్రతిసారీ క్వాలిటీ కొంత తగ్గుతుంది కాబట్టి, ఎప్పుడు మార్చినా మొదటి ఫైల్ నుంచే మార్చాలి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టి, ఊరు, పాడినవారి పేరు, తేదీ రాసుకోండి. రేపు వినే పిల్లలకు ఆ గొంతు ఎవరిదో తెలుస్తుంది.