పేదరికానికి కొలబద్ద

పూచీకత్తు చూపలేని పేదలకు చిన్న మొత్తాలను అప్పుగా ఇచ్చి, వారిని స్వయం ఉపాధికి నడిపించడమే సూక్ష్మరుణ విధానం. 1976లో బంగ్లాదేశ్‌లో ఆచార్య మహమ్మద్ యూనస్ చేపట్టిన ప్రయోగంతో ఇది లోకప్రసిద్ధమైంది. తెలుగునాట ఈ రుణాలు మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారాను, ప్రైవేటు సంస్థల ద్వారాను పల్లెలకు చేరాయి. అయితే అవి నిజంగా నిరుపేదలకు అందుతున్నాయా? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే ముందు పేదరికాన్ని కొలవాలి. అందుకు సాధనం కుటుంబ సర్వే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మెట్టపొలాలు వానను నమ్ముకున్నవి. అక్కడి రైతుకూలీకి నెలనెలా ఆదాయం రాదు. అందువల్ల సర్వేలో ఆదాయానికి బదులు ఖర్చును అడుగుతారు. తిండికి, బట్టలకు, చదువుకు, వైద్యానికి అయిన వ్యయాన్ని కూడి, సొంతంగా పండించుకొని తిన్న గింజలకు కూడా విలువ కడతారు. వచ్చిన మొత్తాన్ని కుటుంబ సభ్యుల సంఖ్యతో భాగించి దారిద్ర్యరేఖతో పోలుస్తారు. ప్రపంచ బ్యాంకు 2025లో తీవ్ర పేదరికపు రేఖను రోజుకు మనిషికి 3 డాలర్లుగా సవరించింది. ఇది మారకపు రేటును బట్టి కాక, కొనుగోలు శక్తిని బట్టి కట్టిన లెక్క.

ఇంతటి సర్వేకు చాలా సమయం పడుతుంది. కనుక కొన్ని సంస్థలు పది ప్రశ్నల పట్టికను వాడాయి. ఇంటి కట్టడం, వంటచెరకు, ఇంటిలోని వస్తువులు మొదలైన వాటికి మార్కులు వేసి, ఆ కుటుంబం పేదది కావడానికి ఎంత అవకాశమున్నదో అంచనా వేస్తారు. 2000లో మహబూబ్‌నగర్‌తో సహా ఆరు జిల్లాలలో ఆరంభమైన వెలుగు పథకం మరొక మార్గం అనుసరించింది. అందులో గ్రామస్థులే కూర్చొని నిరుపేదలను గుర్తించారు.

ఏ పద్ధతికైనా పరిమితులున్నాయి. పంట ముగిశాక పాలమూరు కూలీలు దూరప్రాంతాలకు వలసపోతారు. ఆ రోజులలో సర్వే జరిగితే తాళం వేసిన ఇళ్లు లెక్కకు రావు. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన నల్లగొండ వాసి అప్పుచేసి వైద్యం చేయించుకుంటే, ఆ ఖర్చు అతనిని కాగితంపై కలవాడిగా చూపవచ్చు. అప్పుల ఒత్తిడి ఎంత ప్రమాదకరమో, బలవంతపు వసూళ్లను అరికట్టడానికి 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సే చెబుతుంది. కనుక ఖర్చుతోపాటు అప్పును కూడా అడగాలి. మూసిన తలుపు వద్దకు మరొకసారి వెళ్లాలి. లెక్కలోకి రాని పేదవానికి సాయమూ అందదు.