గోడ మీద వాలింది సీతాకోకచిలుకేనా?

జూబ్లీహిల్స్ నడుమ ఉన్న కె.బి.ఆర్. పార్కుకు 1998లో జాతీయ ఉద్యానం హోదా వచ్చింది. చుట్టూ ఇళ్లు, మధ్యలో దాదాపు 390 ఎకరాల పొదల అడవి. వానలు పడ్డాక ఆ చుట్టుపక్కల, ఫిల్మ్‌నగర్ దాకా, మెట్ల దీపం దగ్గర ఒకటి కనిపిస్తుంటుంది: నాలుగు రెక్కలూ పరుచుకుని, గోడకు కాగితం అంటించినట్టు కదలకుండా ఉంటుంది. సీతాకోకచిలుకా అంటే, కాదు. చాలాసార్లు అది జియోమెట్రిడే కుటుంబపు శలభం.

ఆ పేరెందుకు? గ్రీకులో ‘నేలను కొలిచేది’ అని. కొలిచేది దీని గొంగళి. మామూలు గొంగళికి పొట్ట కింద నాలుగైదు జతల బుడిపె కాళ్లుంటాయి. దీనికి సాధారణంగా వెనక చివర రెండే జతలు. నడుము కింద ఊతం లేక, ముందుకాళ్లతో పట్టుకుని, వెనక భాగాన్ని లాక్కొచ్చి, వీపు విల్లులా లేపి, మళ్లీ ముందుకు చాస్తుంది. జానలతో గుడ్డ కొలిచినట్టే! ఆముదం రైతులకు తెలిసిన దాసరి పురుగు నడకా ఇంచుమించు ఇదే గానీ, దాని కుటుంబం వేరు.

మరి పట్టపగలు రంగురెక్కలతో ఎగిరితే? అక్కడే పొరపడతాం. దక్షిణాది తేమ అడవుల్లో డిస్ఫానియా పెర్కోటా అనే, పగలు ఎగిరే జియోమెట్రిడే శలభం ఉంది. నీలి రెక్కల మీద నల్లమచ్చలు. పేరు బ్లూ టైగర్ మాత్. బ్లూ టైగర్ అనే సీతాకోకచిలుక వేరే ఉంది. దాని ప్రజాతి పేరు, నమ్మండి, తిరుమల! రాత్రి తిరిగే శలభం పగలంతా పిట్ట కంటపడకూడదు, అందుకే బూడిద, బెరడు రంగులు. పగలు ఎగిరేదానికి దాక్కోవడం కుదరదు. పురుగుల్లో ఇలాంటి కొట్టొచ్చే రంగులు తరచూ ‘నన్ను తింటే చేదు’ అని పిట్టలకు చేసే హెచ్చరిక.

కాబట్టి రంగు చూడకండి, మీసాలు చూడండి. సీతాకోకచిలుక మీసం చివర అగ్గిపుల్ల తలలా ఉబ్బి ఉంటుంది. ఈ శలభాలకు దారంలాగో ఈకలాగో ఉంటుంది.

ఈ పరీక్షకూ తలవంచనివి ఉన్నాయి. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల్లో హెడిలిడే అనే చిన్న కుటుంబం: ఎక్కువగా రాత్రే ఎగురుతాయి, మీసానికి ఆ ఉబ్బు లేదు. వాటినీ చాలాకాలం జియోమెట్రిడేలోనే లెక్కవేశారు. అవి సీతాకోకచిలుకల వర్గమేనని 1986లో మాల్కమ్ స్కోబుల్ వాదించాడు, అదే నిలిచింది. అవి మన వైపు లేవు. మీ మెట్ల దగ్గర అగ్గిపుల్ల గుర్తును ధైర్యంగా నమ్మొచ్చు.