కారు ఇంజిన్‌ని బోట్‌లో పెట్టేయొచ్చా? క్రేట్ ఇంజిన్ కథ మొత్తం

ఈ వారం టాపిక్ డాలస్‌లో ఉండే ఒక అన్న అడిగింది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా ఒక పాత బోట్ కొన్నాడు, లోపల షెవ్రొలే 350 వీ8 ఇంజిన్. పాత ఓనర్ చలికాలం ముందు నీళ్లు తీయకుండా వదిలేశాడంట. నీళ్లు గడ్డకట్టి బ్లాక్ పగిలిపోయింది. కొత్త మెరైన్ ఇంజిన్ రేటు చూస్తే కళ్లు తిరిగాయి, అదే 350 కారు కోసమైతే చాలా తక్కువకి వస్తోంది. "బ్రో, రెండూ ఒకటే కదా, పెట్టేయొచ్చా?" అన్నాడు.

పెట్టొచ్చు. కానీ "రెండూ ఒకటే" అన్న మాట సగమే నిజం. మిగతా సగం తెలియకుండా పెడితే ఇంజిన్ పోవడం చిన్న నష్టం, బోట్‌లో కూర్చున్నవాళ్లకే ప్రమాదం.

ముందు క్రేట్ ఇంజిన్ అంటే ఏంటో చూద్దాం. ఫ్యాక్టరీలో కొత్తగా బిగించి, చెక్క పెట్టెలో పెట్టి అమ్మే ఇంజిన్. అమెరికాలో పాత కార్లు బాగుచేసుకునేవాళ్లకి ఇది బాగా అలవాటు. స్మాల్ బ్లాక్ షెవీ 1955లో వచ్చింది, 350 సైజు 1967లో కమారోతో వచ్చింది. మెర్‌క్రూజర్, వోల్వో పెంటా లాంటి బోట్ ఇంజిన్ కంపెనీలు కూడా దశాబ్దాల పాటు ఇదే జీఎం బ్లాక్ కొని, చుట్టూ సామాను మార్చి అమ్మాయి. అంటే బేస్ ఒకటే. అసలు కథంతా ఆ చుట్టూ ఉన్న సామానులో ఉంది.

నేను బీటెక్ మెకానికల్, చేసింది సాఫ్ట్‌వేర్ జాబ్ (మన దగ్గర అది మామూలే కదా). ఆఫీసులో "నా లాప్‌టాప్‌లో బానే రన్ అవుతోంది" అంటాం చూడండి, సరిగ్గా ఆ కేసే ఇది. ఇంజిన్ అదే, కానీ రన్ అయ్యే చోటు వేరు.

కారు హైవే మీద వంద స్పీడులో పోతుంటే ఇంజిన్ నిజంగా వాడే పవర్ ముప్పై హార్స్‌పవర్ లోపే. కాలు తీస్తే కారు దానంతట అదే దొర్లుతుంది. బోట్‌లో ఆ సుఖం లేదు. నీళ్లు ఎప్పుడూ వెనక్కి నెడుతూనే ఉంటాయి. ఫుల్ లోడ్ లారీ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు ఊహించుకోండి, ఆ ఘాట్ ఎప్పటికీ అయిపోదు. ఆర్పీఎం పెరిగేకొద్దీ ప్రొపెల్లర్ అడిగే పవర్ దాదాపు ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే ఆర్పీఎం డబుల్ అయితే పవర్ ఎనిమిది రెట్లు. అందుకే మెరైన్ ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వులు వేడిని తట్టుకునే మంచి లోహంతో వేస్తారు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన పాయింట్. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. కారులో లీకైతే కింద నుంచి రోడ్డు మీదకి పోతుంది, గాలి కొట్టుకుపోతుంది. బోట్‌లో కింద రంధ్రం ఉండదు కదా, ఉంటే మునిగిపోతాం. ఆవిరంతా బిల్జ్‌లో, అంటే బోట్ అడుగు గుంటలో, నీళ్లలా చేరి కూర్చుంటుంది. ఆ గుంటలోనే స్టార్టర్, ఆల్టర్నేటర్ ఉంటాయి. తాళం తిప్పగానే ఒక్క స్పార్క్ చాలు, బోట్ పేలిపోతుంది.

అందుకే మెరైన్ స్టార్టర్, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్ వేరు. లోపల స్పార్క్ వచ్చినా, లోపలికి ఆవిరి దూరి అంటుకున్నా, ఆ మంట బయటికి రాకుండా కడతారు. వాటి మీద ఎస్ఏఈ జే1171 అని గానీ, ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ అని గానీ ఉంటుంది. దారుణం ఏంటంటే, కారు స్టార్టర్ కూడా అవే బోల్టులకి పక్కాగా కూర్చుంటుంది, బోట్ స్టార్ట్ కూడా అవుతుంది. ఏ తేడా కనిపించదు. లీక్ అయిన రోజు వరకు.

ఫ్యూయల్ పంపు కూడా అంతే. కారు పంపులో రబ్బర్ డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ బయటికి కారుతుంది. మెరైన్ పంపులో రెండు డయాఫ్రమ్‌లు, మధ్యలోంచి ఒక ట్యూబ్ కార్బ్యురేటర్‌కి వెళ్తుంది. లీకైన పెట్రోల్ ఇంజిన్‌లోకే పోతుంది. కార్బ్యురేటర్ పొంగినా అంతే, మెరైన్ మోడల్‌లో పొంగింది గొంతులోకే పడుతుంది. ఇంజిన్ ఆగిపోతుంది, కానీ గుంటలోకి చుక్క రాదు. పైన ఎయిర్ ఫిల్టర్ బదులు ఫ్లేమ్ అరెస్టర్ ఉంటుంది, బ్యాక్‌ఫైర్ మంటని ఆపే లోహపు జల్లెడ అనుకోండి. 1940 నుంచే అమెరికాలో అవుట్‌బోర్డ్‌లు కాని పెట్రోల్ బోట్లకి ఇది చట్ట ప్రకారం తప్పనిసరి. ఇవన్నీ పెట్టినా సరే, స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ నాలుగు నిమిషాలు వేసి, మూత తీసి వాసన చూడమంటారు. నాలుగు నిమిషాలు. రెండు రీల్స్ చూసే టైమ్ కూడా కాదు.

వైజాగ్, కాకినాడ హార్బర్లలో మన మెకనైజ్డ్ చేపల బోట్లు చూసినవాళ్లకి డౌట్ రావొచ్చు, అక్కడ ఇంత హడావుడి కనిపించదే అని. అవి డీజిల్ బ్రో. అశోక్ లేలాండ్ లాంటి కంపెనీలు లారీ ఇంజిన్ కుటుంబం నుంచే మెరైన్ డీజిల్ చేస్తాయి. డీజిల్ మామూలు వేడికి పెట్రోల్‌లా ఆవిరవదు, స్పార్క్ ప్లగ్గులూ ఉండవు.

సరే, నీళ్ల సంగతికి వద్దాం. చాలా బోట్లలో రేడియేటర్ ఉండదు. చెరువు నీళ్లో సముద్రపు నీళ్లో లోపలికి లాగి, ఇంజిన్ చుట్టూ తిప్పి, ఎగ్జాస్ట్‌తో కలిపి బయటికి తోస్తారు. అందుకే కారు ఇంజిన్‌లో బ్లాక్‌కి ఉండే స్టీల్ కోర్ ప్లగ్గులు తీసి ఇత్తడివి వేయాలి, స్టీల్‌వి తుప్పు పట్టి ఊడతాయి. సర్క్యులేటింగ్ పంపు, హెడ్ గ్యాస్కెట్ కూడా మెరైన్‌వే. థర్మోస్టాట్ కారులో 195 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే, ఇక్కడ 140 చుట్టుపక్కల. ఎందుకంటే వేడెక్కేకొద్దీ నీళ్లలోని ఉప్పులు లోపల పొరలా పట్టేస్తాయి. బోరు నీళ్లు వాడే ఇంట్లో గీజర్ కాయిల్ చూశారా? అదే పొర.

ఎగ్జాస్ట్ దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటారు. బోట్ మ్యానిఫోల్డ్ డబుల్ గోడతో ఉంటుంది, మధ్యలో నీళ్లు. లేకపోతే ఎర్రగా కాలే ఇనుము ఫైబర్ గ్లాస్ పక్కనే ఉంటుంది. దాని మీద రైజర్, అక్కడ నీళ్లు పొగలో కలుస్తాయి. ఇప్పుడు మీరు "మంచి సౌండ్" కోసం పెర్ఫార్మెన్స్ క్యామ్ ఉన్న క్రేట్ ఇంజిన్ కొన్నారనుకోండి. దాంట్లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉండే టైమ్ ఎక్కువ. ఐడిల్‌లో ఇంజిన్ ఎగ్జాస్ట్‌ని వెనక్కి పీలుస్తుంది, దాంతో పాటు నీటి తుంపర్లని కూడా. వాల్వులు తుప్పు పడతాయి. సిలిండర్‌లో నీళ్లు నిండితే ఇంకా ఘోరం, నీళ్లు నొక్కితే నొక్కుకోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కాబట్టి డగడగ సౌండ్ వచ్చే క్యామ్ వద్దు, మెరైన్ క్యామ్ ఉన్నదే తీసుకోండి.

మరి తక్కువ ఖర్చులో ఎలా? నా సలహా, లాంగ్ బ్లాక్ మాత్రమే కొనండి, అంటే బ్లాక్, హెడ్స్, క్యామ్ వరకు. పగిలిన ఇంజిన్ మీదున్న మెరైన్ స్టార్టర్, ఆల్టర్నేటర్, కార్బ్యురేటర్, పంపులు బాగుంటే వాటినే మార్చుకోండి. మ్యానిఫోల్డ్, రైజర్లు మాత్రం లోపల తుప్పు చూడకుండా కొత్త ఇంజిన్‌కి బిగించకండి. పాత ఇంజిన్‌ని చంపింది అవే కూడా కావొచ్చు.

ఇంకో చిన్న గొడవ. 1986 నుంచి ఈ ఇంజిన్‌కి వెనక ఆయిల్ సీల్ మారింది, రెండు ముక్కల నుంచి ఒక ముక్కకి. క్రాంక్ వెనక బోల్టుల వలయం చిన్నదైంది, బ్యాలెన్స్ కూడా మారింది. పాత ఫ్లైవీల్ కొత్త క్రాంక్‌కి ఎక్కదు. ఆర్డర్ పెట్టేముందు పాత బ్లాక్ కాస్టింగ్ నంబర్ ఫొటో తీసుకోండి. రెండు ఇంజిన్ల పాత బోట్లలో అయితే ఒక ఇంజిన్ రివర్స్‌లో తిరుగుతుండొచ్చు, అదీ చూసుకోండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఇంటి దగ్గరే ట్రైలర్ మీద కదా అని నీళ్లు లేకుండా తిప్పకండి. రా వాటర్ పంపులో రబ్బర్ ఇంపెల్లర్ నీళ్లతోనే చల్లబడుతుంది, కాసేపట్లోనే కాలిపోతుంది. గార్డెన్ పైపుకి మఫ్స్ తగిలించి నీళ్లు ఇవ్వండి. లేక్‌లో దింపాక ఫుల్ థ్రాటిల్‌లో ఎన్ని ఆర్పీఎం వస్తోందో రాసుకోండి. ఈ ఇంజిన్లకి 4400 నుంచి 4800 మధ్య రావడం మామూలు. బాగా తక్కువ వస్తే ప్రొపెల్లర్ పిచ్ ఎక్కువైనట్టు, టాప్ గేర్‌లో ఘాట్ ఎక్కిస్తున్నట్టే లెక్క. పిచ్ ఎలా ఎంచుకోవాలో వచ్చే ఎపిసోడ్‌లో బోర్డు మీద లెక్క వేసి చూపిస్తాను.