బండి దీపం చూపు ఎక్కడ?

చీకటి పడింది. సంత నుంచి బండి వస్తోంది. ముందు అతను నడుపుతున్నాడు. వెనక ఆమె కూర్చుంది. ఒళ్లో బిడ్డ. ఇద్దరి మధ్య కూరగాయల సంచి. లైటు వెలుగుతూనే ఉంది. కాని ఆ వెలుగు రోడ్డు మీద లేదు. పక్కనున్న చింతచెట్టు కొమ్మల మీద ఉంది! రోడ్డు మీద ఏముందో కనపడదు. గుంట ఉందా? గేదె పడుకుందా? ఎవరైనా వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టారా? వెనక లైటు లేని ట్రాక్టరు ఆగి ఉందా? దగ్గరికి పోతే గాని తెలియదు. దగ్గరికి పోయాక తెలిసి ఏం లాభం?

"లైటు సరిగా కనపడటం లేదు, బల్బు మార్చాలి" అని చాలా ఇళ్లలో అంటూ ఉంటారు. చాలాసార్లు తప్పు బల్బుది కాదు. లైటు చూపుది. మనిషి తల పైకెత్తి నడిస్తే కాలికింద రాయి కనపడదు కదా. బండి దీపం కూడా అంతే.

"బండి నడిపేది మగవాళ్లు, మనకెందుకమ్మా ఇది?" అనకండి. వెనక కూర్చునేది మనమే. రాత్రి పొద్దుపోతే గుమ్మంలో నిలబడి ఎదురు చూసేదీ మనమే. ఇప్పుడు బండి తోలే ఆడవాళ్లు కూడా ఊరూరా ఉన్నారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఇది ప్రభుత్వం అచ్చు వేసిన లెక్క. వాళ్లలో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండి మీద పోయేవాళ్లే. అందరూ లైటు వల్లే చనిపోయారని కాదు. కాని రాత్రిపూట ముందున్నది కనపడటం ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

చీరతో ఒక లెక్క

మనం కట్టే చీర ఆరు గజాలు. అంటే సుమారు అయిదున్నర మీటర్లు. ఈ పాఠంలో దూరాలన్నీ చీరలతోనే కొలుద్దాం.

బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోంది అనుకోండి. "ఒకటి" అని అనేలోపు, అంటే ఒక్క సెకనులో, అది రెండు చీరల దూరం పోతుంది. 60 వేగంతో పోతే ఒక్క సెకనులో మూడు చీరల దూరం.

ముందు గేదె కనపడింది. కన్ను చూడాలి. మనసుకు తట్టాలి. చెయ్యి, కాలు బ్రేకు నొక్కాలి. ఈ పనికే ఒక సెకను పైన పడుతుంది. ఆ సెకనులో బండి ఏమాత్రం ఆగదు. అదే వేగంతో పోతూనే ఉంటుంది. బ్రేకు పడ్డాక కూడా వెంటనే ఆగదు. 60 వేగంలో ఉన్న బండి పూర్తిగా ఆగాలంటే 40 మీటర్లు దాటి కావాలి. అంటే ఏడెనిమిది చీరల పొడవు. ఇది మంచి రోడ్డు, మంచి బ్రేకులు ఉన్నప్పటి మాట. వాన పడితే ఇంకా ఎక్కువ.

మరి లైటు మూడు చీరల దూరమే చూపిస్తుంటే? గేదె కనపడేసరికి ఆగే చోటు ఉండదు. అందుకే లైటు ఎంత దూరం చూపిస్తే అంత దూరానికి తగ్గ వేగమే వెళ్లాలి.

లైటు పైకి ఎందుకు లేస్తుంది?

తక్కెడ చూశారు కదా. ఒక తట్ట కిందికి దిగితే ఇంకో తట్ట పైకి లేస్తుంది. బండి కూడా కొంత అలాంటిదే. వెనక బరువు పెడితే వెనక షాకబ్జార్బర్లు అణుగుతాయి. బండి వెనక భాగం కుంగుతుంది. ముందు భాగం కొంచెం పైకి లేస్తుంది. దానితో పాటు లైటు కూడా పైకి చూస్తుంది. బండి లేచేది వేలెడంతే కావచ్చు. కాని వెలుగు దూరం పోయేకొద్దీ ఆ తేడా మనిషెత్తు అవుతుంది.

అప్పుడు రెండు నష్టాలు. మన రోడ్డు మనకు కనపడదు. ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో వెలుగు కొడుతుంది. వాళ్లకూ రోడ్డు కనపడదు. కళ్లు చెదిరినవాడు నేరుగా మన మీదికే రావచ్చు.

ఒక్కడే నడుపుతున్నప్పుడు లైటు బాగానే ఉంటుంది. భార్య, పిల్లలు, యూరియా బస్తా ఎక్కాక చెడుతుంది. మెకానిక్ దగ్గరికి అతను ఒక్కడే పోతాడు. అక్కడ అంతా సరిగ్గానే కనపడుతుంది! అందుకే ఈ పనికి వెనక కూర్చునే మనిషి కూడా ఉండాలి.

ఇంకో సంగతి. బండి ఎప్పుడైనా కింద పడితే లైటు పక్కకు తిరుగుతుంది. కొన్నిసార్లు ముందు లోపలి మర వదులై లైటు వేలాడుతుంది. అప్పుడు వెలుగు ముందు చక్రం దగ్గరే పడుతుంది. గుంటల రోడ్ల మీద తిరిగే బండ్లకు ఇది మామూలే.

గోడ మీద పరీక్ష

ఇది ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. ముగ్గురు మనుషులు కావాలి. ఒకరు నడిపే చోట, ఒకరు వెనక, ఒకరు గోడ దగ్గర. చీకటి పడ్డాక చేయాలి. ఎదురుగా ఒక గోడ ఉండాలి. బడి గోడ అయినా సరే. నేల సమంగా ఉండాలి. ఇంజను నడపాల్సి వస్తుంది కాబట్టి తలుపులు మూసిన గదిలో చేయొద్దు. ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ముందుగా రెండు టైర్లలో గాలి సరిగా పట్టించండి. వెనక టైరులో గాలి తగ్గితే బండి వెనక్కి కుంగి లైటు పైకి లేస్తుంది. గాలి లేకుండా లైటు సరిచేస్తే, రేపు గాలి పట్టించగానే లెక్క మళ్లీ మారిపోతుంది.

ఇప్పుడు బండిని గోడకు ఆనేటట్టు నిలపండి. స్టాండు వేయొద్దు. రెండు చక్రాలూ నేల మీద ఉండాలి. రోజూ ఎక్కేవాళ్లు ఎక్కి కూర్చోవాలి. రోజూ వేసుకునే బరువు కూడా వేయండి. లైటు అద్దం నడిమధ్య ఎంత ఎత్తులో ఉందో, సరిగ్గా ఆ ఎత్తులో గోడ మీద సుద్దముక్కతో ఒక బొట్టు పెట్టండి.

తర్వాత బండిని తిన్నగా వెనక్కి లాగండి. ఎంత దూరం? ఒక చీర పొడవు. చీర మట్టి కొట్టుకుపోతుందనుకుంటే చీరతో ఒక తాడు కొలిచి పెట్టుకోండి. నాయనమ్మ కట్టే తొమ్మిది గజాల చీర మాత్రం తేకండి, లెక్క తప్పుతుంది.

మళ్లీ అందరూ ఎక్కి కూర్చోండి. హ్యాండిల్ తిన్నగా ఉంచండి. లైటు డిమ్ములో పెట్టండి. గోడ మీద వెలుగు మరక పడుతుంది. దాని పై అంచు చూడండి. ఆ అంచు సుద్ద బొట్టు కంటే నాలుగు వేళ్ల వెడల్పు కిందికి ఉండాలి. అంటే ఏడెనిమిది సెంటీమీటర్లు. అలా ఉంటే లైటు చూపు బాగున్నట్టే.

బొట్టు కంటే పైకి ఉంటే? అది చింతచెట్టు లైటు. కిందికి దించాలి.

మూరెడు కిందికి ఉంటే? వెలుగు రెండు చీరల దూరంలోనే నేలకు తగిలి ఆగిపోతుంది. పైకి ఎత్తాలి. కొందరు "ఎదుటివాళ్లకు కొట్టకూడదు" అని లైటును మరీ కిందికి దించేస్తారు. మంచి మనసే, కాని వాళ్లు గుడ్డిగా పోతున్నట్టు లెక్క.

వెలుగు బొట్టుకు కుడికో ఎడమకో జరిగి ఉంటే లైటు పక్కకు తిరిగిందన్న మాట. దాన్నీ సరిచేయాలి.

సరిచేయడం ఎలా?

బండిని బట్టి ఉంటుంది. చాలా బండ్లకు లైటు కింద భాగంలో ఒక మర ఉంటుంది. స్క్రూ డ్రైవరుతోనో చిన్న స్పానరుతోనో దాన్ని తిప్పితే లైటు పైకీ కిందికీ కదులుతుంది. కొద్దికొద్దిగా తిప్పి, గోడ వైపు చూసుకుంటూ పోవాలి. పాతకాలం గుండ్రటి లైటు బండ్లకు రెండు పక్కలా బోల్టులు ఉంటాయి. వాటిని కొంచెం వదులు చేసి, లైటును చేత్తో వంచి, మళ్లీ బిగించాలి. బండి కొన్నప్పుడు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. అది బీరువాలో ఎక్కడో ఉంటుంది. తీసి చూడండి. ఆ మర ఎక్కడుందో బొమ్మ వేసి ఉంటుంది.

చేతకాకపోతే మెకానిక్ దగ్గరికే పోవచ్చు. కాని చేయించుకునే పని ఏమిటో తెలిసి పోవాలి. ఇలా అడగండి.

"తమ్ముడూ, ఈ లైటు చూపు సరిచేయాలి."

"బల్బు మార్చేద్దామక్కా. తెల్లగా పెద్ద వెలుగు వచ్చేది ఉంది."

"బల్బు వద్దు. ముందు లైటును కిందికి దించు. మేమిద్దరం ఎక్కి కూర్చుంటాం, అప్పుడు గోడ మీద చూడు."

"ఎవరూ ఇలా అడగరే!"

"అడగరు కాబట్టే అందరి లైట్లూ ఆకాశంలో ఉన్నాయి. నాలుగు వేళ్లు కిందికి రావాలి."

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో కూడా ఈ సంగతి ఉంది. బండికి 8 మీటర్ల ముందు, లైటుకు కొంచెం కుడి పక్కగా, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కన్ను ఉంటే, ఆ కంటికి వెలుగు మిరుమిట్లు కొట్టకూడదు. మీటరున్నర అంటే ఇంచుమించు మన ఆడవాళ్ల కంటి ఎత్తే. 8 మీటర్లు అంటే చీరన్నర పొడవు. లైటు సరిచేశాక అక్కడ నిలబడి చూడండి. డిమ్ములో కళ్లు మూతపడకపోతే పని బాగా జరిగినట్టే.

బల్బు సంగతి

బల్బు అడుగున ఇనుప అంచు మీద సన్నటి అంకెలు ఉంటాయి. మనకు అంకెలు వచ్చు కదా, చదవండి. చాలా బండ్ల బల్బుల మీద 12 అని, 35/35 అని ఉంటుంది. 12 అంటే వోల్టులు. 35 అంటే వాట్లు. ఒక 35 డిమ్ముకు, ఇంకో 35 బ్రైటుకు. కొత్త బల్బు కొంటే అవే అంకెలు ఉన్నది కొనాలి. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే వైర్లు వేడెక్కుతాయి. బల్బు పెట్టే హోల్డరు కరిగిపోవచ్చు. బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది.

తెల్లగా, నీలంగా మెరిసే ఎల్‌ఈడీ బల్బులు సంతలో కూడా అమ్ముతున్నారు. కంపెనీవాళ్లే ఎల్‌ఈడీ లైటు పెట్టి ఇచ్చిన బండి వేరు. దాని అద్దం, లోపలి గిన్నె దానికి తగ్గట్టే చేసి ఉంటాయి. పాత బండిలో ఈ బల్బు దూరిస్తే వెలుగు నాలుగు పక్కలకీ చెదురుతుంది. చూడటానికి జిగేల్‌మంటుంది. రోడ్డు మీద మాత్రం పని తక్కువ, ఎదుటివాడి కళ్లలో పని ఎక్కువ.

గాజు బల్బును వట్టి చేత్తో పట్టుకోవద్దు. చేతి జిడ్డు గాజుకు అంటుకుంటుంది. వేడికి ఆ చోట గాజు పగిలిపోవచ్చు. శుభ్రమైన గుడ్డతో పట్టుకోవాలి. అప్పుడే ఆర్పిన బల్బు చెయ్యి కాలుస్తుంది, కాసేపు ఆగాలి.

ఇక అద్దం. బురద, దుమ్ము, చచ్చిన పురుగులు పడితే వెలుగు సగం అక్కడే ఆగిపోతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. దసరాకి బండికి పూజ చేస్తాం. పసుపు కుంకుమ లైటు అద్దం మీదే పెడతాం. కొంచెం పక్కన పెడితే దేవుడు ఏమీ అనుకోడు. హ్యాండిలుకి తగిలించిన సంచి లైటుకి అడ్డం రాకుండా చూడండి. కొన్ని పాత బండ్లకు లైటు ఇంజను నుంచే వెలుగుతుంది. నెమ్మదిగా పోతే మసకబారుతుంది, యాక్సిలేటరు పెంచితే పెరుగుతుంది. అది లోపం కాదు. ఆ బండి తీరే అంత.

డిమ్ము, బ్రైటు

డిమ్ములో వెలుగు దగ్గర పడుతుంది. బ్రైటులో దూరం పోతుంది. రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు బ్రైటు వేసుకోవచ్చు. ఎదురుగా బండి వస్తే డిమ్ము చేయాలి. ముందు పోయే బండి వెనక ఉన్నప్పుడు కూడా డిమ్మే. లేకపోతే మన వెలుగు అతని అద్దంలో పడి కళ్లలోకి కొడుతుంది. ఎదుటివాడు డిమ్ము చేయకపోతే పంతానికి మనమూ బ్రైటు వేస్తే ఇద్దరమూ గుడ్డివాళ్లం అవుతాం. వేగం తగ్గించి, రోడ్డు ఎడమ అంచు చూస్తూ పోవాలి.

2017 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా వచ్చే రెండు చక్రాల బండ్లకు లైటు ఆర్పే స్విచ్చి లేదు. ఇంజను నడిచినంతసేపు పగలు కూడా లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎదుటివాళ్లకు బండి దూరం నుంచే కనపడాలని ప్రభుత్వం పెట్టిన నియమం ఇది. అయినా ఇప్పటికీ దారిలో వేళ్లు ఆడించి "లైటు! లైటు!" అని చెప్పేవాళ్లు ఉన్నారు. మంచికే చెబుతారు, నవ్వి పోతే సరి. కాని పగలంతా వెలిగే ఈ లైటు బ్రైటులో ఉండిపోతే రాత్రి అలాగే వాడేస్తారు. బండి ఎక్కగానే ఒకసారి చూసుకోవాలి.

లైటు అంతా సరిచేశాక కూడా రోడ్డు కనపడటం లేదంటే కంటిని అనుమానించాలి. ఎదుటి లైటు చుట్టూ పెద్ద వలయం కనపడినా, వెలుగు పడ్డాక చాలాసేపటి దాకా చూపు తేరుకోకపోయినా, శుక్లం మొదలై ఉండొచ్చు. చీకట్లో అసలే కనపడకపోతే రేచీకటి కావచ్చు. సర్కారు దవాఖానలో కళ్లు చూపించుకోవాలి. 2018లో తెలంగాణలో 'కంటి వెలుగు' అని ఊరూరా తిరిగి కంటి పరీక్షలు చేశారు. అప్పుడు అద్దాలు తీసుకున్నవాళ్లు కూడా మళ్లీ చూపించుకోవడం మంచిది, ఇన్నేళ్లలో చూపు మారి ఉంటుంది.

దారిలో లైటు పూర్తిగా పోయిందా? బండి రోడ్డు దించి ఆపండి. సెల్‌ఫోను లైటు పట్టుకుని నడపడం కుదరదు, ఆ వెలుగు ఒక చీర దూరం కూడా సరిగా చూపదు. దగ్గరలో ఇల్లో, దుకాణమో ఉంటే బండి అక్కడ పెట్టి ఆటోలో రండి. బండి తోసుకుంటూ రావాల్సి వస్తే ఫోను లైటును వెనక్కి తిప్పి పట్టుకోండి, వెనక వచ్చే లారీకి మీరు కనపడాలి. బండి వెనక మడ్‌గార్డుకి ఎర్ర రేడియం ముక్క అంటించి ఉంటే ఇంకా మేలు. అది సైకిలు దుకాణంలోనే దొరుకుతుంది. రెండు ముక్కలు కొనండి, రెండోది ట్రాక్టరు ట్రక్కు వెనక అంటించమని ఇవ్వండి.