మధుమేహ నివారణ : పరిశోధనలు తెలుపు సత్యము

మన ఉదరములో జీర్ణకోశమునకు వెనుక క్లోమగ్రంథి కలదు. అందు పుట్టు ఇన్సులిన్ అను హార్మోను రక్తములోని చక్కెరను శరీర భాగములకు అందజేయును. ఇన్సులిన్ చాలనప్పుడు గాని, శరీరము దానిని సరిగా వినియోగించుకొనలేనప్పుడు గాని చక్కెర రక్తములోనే నిలిచిపోవును. అదియే మధుమేహము. 1921లో కెనడాలోని టొరాంటో నగరమున ఇన్సులినును వెలికిదీసిన నాటినుండి ఈ వ్యాధిపై వేలకొలది వ్యాసములు వెలువడినవి.

వీనిలో ముఖ్యమైనవి ఏవి? ప్రతి పరిశోధకుడును తనకు ఆధారమైన పూర్వ వ్యాసములను తన రచనలో పేర్కొనును. ఎక్కువమంది పేర్కొనిన వ్యాసమునకు లోకములో ఆదరణ ఎక్కువయని గ్రహింపవచ్చును. అయితే ఆదరణ పొందిన ఫలితము మన దేశమునకు ఎంతవరకు వర్తించునో వేరుగా విచారింపవలయును.

బ్రిటన్‌లో 1977లో ఆరంభమై 1998లో ఫలితములు వెల్లడియైన పరిశోధన ఇట్టి వానిలో ఒకటి. రక్తములోని చక్కెరను అదుపులో నుంచినచో కండ్లు, మూత్రపిండముల వంటి అవయవములకు కలుగు హాని నాలుగవ వంతు తగ్గునని అది నిరూపించినది. కాగా, వ్యాధి రాకముందే ఆపవచ్చునా? చైనాలోని డాచింగ్ నగరమున జరిగిన పరిశోధన 1997లో ఆపవచ్చుననియే తెలిపెను. అమెరికాలో 3,234 మందిపై జరిగిన పరిశోధన 2002లో వెలువడెను. మితాహారము, వారమునకు 150 నిమిషముల నడక వంటి శ్రమ, బరువు తగ్గుట అనువానివలన వ్యాధి సోకుట నూటికి 58 వంతులు తగ్గినది.

అమెరికాలోని ఆ వ్యక్తులు మిక్కిలి స్థూలకాయులు. మనవారు అట్టివారు కారు; అయినను మనకు వ్యాధి త్వరగా వచ్చుచున్నది. అందుచే చెన్నైలో 531 మందిపై వేరుగా పరిశోధించి 2006లో ఫలితము ప్రకటించిరి. వారందరును చక్కెర హెచ్చుగా నుండి, ఇంకను వ్యాధి రానివారు. మూడేండ్లలో సామాన్య సలహా మాత్రమే పొందినవారిలో నూటికి 55 మందికి వ్యాధి రాగా, ఆహారము దిద్దుకొని దినమునకు అరగంట నడచినవారిలో 39 మందికే వచ్చినది. బరువు చెప్పుకోదగినంత తగ్గకపోయినను ఈ మేలు కలిగినది. అప్పటికే కాయకష్టము చేయువారిని దానినే కొనసాగింపుమనిరి.

ఇది పట్టణముల సమస్య యని కొందరి అభిప్రాయము. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారము మధుమేహులు పట్టణములలో నూటికి 16 మంది, గ్రామములలో 9 మంది. కాని వ్యాధికి ముందు దశలో నున్నవారు రెండుచోట్లను నూటికి 15 మందియే. అనగా గ్రామములలో రాబోవు రోగులు పట్టణములకు తీసిపోరు.

కావున పంచాయతీ సభ్యులకు మా మనవి. 30 ఏండ్లు దాటిన ప్రతివారును ఆరోగ్య ఉపకేంద్రమున చక్కెర పరీక్ష చేయించుకొనునట్లు ఆశా కార్యకర్తల తోడ్పాటుతో చూడుడు. స్త్రీలు, వృద్ధులు నిర్భయముగా నడచుటకు దారి, దీపము ఏర్పాటు చేయుడు. వ్యాధి ఉన్నవారు వైద్యుని అనుమతి లేక మందు మానరాదని గ్రామసభలో చెప్పుడు. ముందు దశలోనే గుర్తించిన వ్యక్తిని కాపాడుట సులభము. కన్నో, కాలో పోయిన పిమ్మట ఆ కుటుంబమును నిలబెట్టుట కష్టము.