రోబోటు ఎందుకు ఆగినది?

అమెరికాలో 1992లో ఆరంభమైన ‘ఫస్ట్’ రోబోటిక్స్ పోటీలో ఉన్నత పాఠశాల విద్యార్థులు నిర్మించు రోబోటునకు 12 వోల్టుల సీసపు బ్యాటరీయే ఆధారము. విద్యుత్తు లావుపాటి తీగెలలో, 120 ఆంపియర్ల బ్రేకరు గుండా పంపిణీ ఫలకమును చేరి, అచట మోటార్లకు శాఖలగును.

మోటార్లన్నియు ఒక్కమారు లాగినపుడు ప్రవాహము క్షణకాలము 200 ఆంపియర్లు కావచ్చును. (బ్రేకరు వేడికి పనిచేయునది గనుక వెంటనే తెగదు.) బ్యాటరీ కొనయొద్ద మర వదులై 0.01 ఓము నిరోధము ఏర్పడినదనుకొనుడు. ఓమ్ సూత్రము ప్రకారము 2 వోల్టులు అక్కడనే పోవును; 400 వాట్ల వేడి పుట్టును. బ్యాటరీ అంతర్నిరోధము మ్రింగునది వేరు. వోల్టేజి మరీ పడిపోయినచో నియంత్రణ సాధనము మోటార్లను ఆపివేయును. విద్యార్థులు, పాపము, ప్రోగ్రాములో తప్పు వెదకుచుందురు! నిలిచిన రోబోటులో మీటరు 12 వోల్టులు నిండుగా చూపును. ప్రవాహము లేనిచో నష్టము లేదు గదా. మోటార్లు లాగుచుండగా కొలువవలెను. అంతకు ముందు ఆ తీగె కొనను చేతితో కదిపి చూడుడు.